మోటారు వయసు

రిపేరు మామయ్య పోయారని నాన్న ఫోన్లో చెప్పేసరికి ఖననం కూడా అయిపోయింది. నేను బాపట్లలో, కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు సర్దుతున్నాను. అక్కడ ఆయన్ని ఎరిగినవాళ్లు లేరు. ఎవరికీ చెప్పకుండా మిగిలిన పుస్తకాలు సర్దేశాను.

తెనాలిలో మా పక్క వీధిలో ఆయన కొట్టు. ఫ్యాన్లు, మిక్సీలతో పాటు వాక్యూమ్ క్లీనర్లు కూడా బాగుచేసేవారు. పొన్నూరు నుంచి, రేపల్లె నుంచి వాటిని బస్సులో పెట్టుకుని ఆయన దగ్గరికే తెచ్చేవారు. పేరున్న రేకు ఊడిపోయినా అది ఏ మోడలో, ఎప్పటిదో చెప్పేవారాయన. ప్లగ్గు పిన్నులు చూసేవారు, వైరును వేళ్ల మధ్య నలిపేవారు. కాన్వెంటు నుంచి వచ్చాక నేను ఆ కొట్టు మెట్టు మీద కూర్చుని చదువుకునేదాన్ని. నన్ను మాట్లాడించాలని చూసేవారు కాదు. అందుకే రోజూ వెళ్లేదాన్ని.

ఒకసారి రేపల్లె నుంచి వచ్చినాయన, "కొత్త మిషనండి, మొన్ననే కొన్నా," అన్నాడు.

"వైరుకి బట్ట చుట్టుందండి. ఇది మీకంటే పెద్దది. దీన్ని మీరు 'అండీ' అని పిలవాలి," అన్నారు మామయ్య. నేను పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వాను.

మా ఇంట్లోనూ ఒక వాక్యూమ్ క్లీనర్ ఉండేది, అటక మీద. అమ్మకు దుమ్ము పడేది కాదు, ఇల్లు ఊడిస్తే ఆయాసం. ఓడలో పనిచేసే మేనమామ ఆమె కోసం కొత్తది కొని పంపాడు. నా మూడో ఏట అమ్మ పోయింది. మిషన్ ఆమె ఉండగానే వచ్చిందని అమ్మమ్మ, పోయాకే వచ్చిందని అత్తయ్య అనేవారు. నాన్నను అడిగితే లేచి వెళ్లిపోయేవారు. అది అమ్మకు అందిందో లేదో తెలుసుకోవాలని నాకు ఎప్పుడూ ఉండేది.

డిగ్రీ చివరి ఏడాది దాన్ని రిక్షాలో వేసుకుని మామయ్య దగ్గరికి వెళ్లి, అమ్మ ఉండగా వచ్చిందేనా అని అడిగాను. అటూ ఇటూ తిప్పి చూశారు.

"మోటారు మీద ఇలాంటి డబ్బాలు అప్పటికింకా రాలేదు తల్లీ. అమ్మగారు పోయాక వచ్చిందే ఇది."

సరేనండి అని మిషన్ అక్కడే వదిలేసి వచ్చాను.

మర్నాడు పొద్దున్నే ఆయనే మా గుమ్మంలోకి వచ్చారు. వేళ్లు నల్లగా ఉన్నాయి.

"తప్పు చెప్పా తల్లీ. రాత్రి మనసొప్పక మోటారు విప్పా. అది నువ్వు పుట్టకముందుది. అమ్మగారు పోయిన కొన్నేళ్లకి, అటక మీంచి పడి డబ్బా పగిలిందని మీ నాన్న తెస్తే, నేనే వేరే డబ్బా తొడిగా. నా పని నేనే పోల్చుకోలేకపోయా, ఏం చెప్పను!"

"అయితే అమ్మ వాడిందా మామయ్యా?"

జేబులోంచి రెండు నల్లటి ముక్కలు తీసి నా చేతిలో పెట్టారు. మోటారుకు రాసుకుంటూ అరిగే కార్బన్లవి. "సగానికి అరిగాయి. అమ్మగారు పోయాక మీ ఇంట్లో ఎవరన్నా వాడారా దీన్ని?"

ఎవరూ వాడలేదు.

లోపల నుంచి నాన్న వచ్చారు. "రోజూ వాడేదండి," అన్నారు. ఆ మాట మామయ్యతోనే అన్నారు, నాతో కాదు.

మామయ్య ఊరుకుని ఉంటే నేను మళ్లీ అడిగేదాన్ని కాదు. కొత్త కార్బన్లు వేయమన్నా వేయలేదు. "ఇంకా సగం ఉంది తల్లీ, నువ్వు వాడుకో," అన్నారు.

ఫోన్ వచ్చిన సాయంత్రం, బాపట్లలో నా గదిలో ఆ మిషన్ ప్లగ్గు పెట్టి వేశాను. గది నిండా మోత. అమ్మ విన్న మోత. స్విచ్ ఆపినా మోటారు వెంటనే ఆగలేదు. సన్నబడుతూ, సన్నబడుతూ తిరిగింది. పూర్తిగా ఆగేదాకా గొట్టం పట్టుకుని నిలబడ్డాను.