బానెట్ కింద ఎండుమిర్చి

ఈ ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరే ముందు, కారు ఏసీ ఫిల్టర్ దులుపుదామని డ్యాష్‌బోర్డులో అర ఊడదీశాను. ఫిల్టర్ బయటికి లాగి, అది కూర్చునే గూట్లో తడిగుడ్డ పెట్టి తుడుస్తుంటే తుమ్ము వచ్చింది. దుమ్ముకు వచ్చే తుమ్ము నాకు తెలుసు. అది ముక్కులో మొదలై ముక్కులోనే అయిపోతుంది. ఇది గొంతులో గీరి, కళ్ళలో నీళ్ళు తిప్పి, ఆ తర్వాత గానీ బయటికి రాలేదు. గుడ్డ విప్పి చూస్తే నల్లటి మట్టిలో ఒక మిరపగింజ. ఎండి, రంగు మారి, గోటితో గిచ్చితే పొడయ్యేటట్టుంది. మా ఆవిడ వాకిట్లోంచి, "ఏమైంది, సర్ది పట్టిందా?" అని అడిగింది. గింజ చూపించాను. బైబిలు చంకలో పెట్టుకుని, నవ్వుతూ నవ్వుతూ మెట్ల మీదే కూలబడింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇన్నేళ్ళయినా ఆ గింజను చూడగానే నా కళ్ళు ఎదురింటి గేటు వైపే పోయాయి. అక్కడ మా తోడల్లుడి కారు ఎప్పటిలాగే పాలతో కడిగినట్టు మెరుస్తూ నిలబడి ఉంది.

మా తోడల్లుడంటే మా ఆవిడ చెల్లెలి భర్త. అశ్వారావుపేటలో మావి ఎదురెదురు ఇళ్ళు. నేను బడిలో సోషల్ చెబుతాను, అతను సర్కారు దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్. కారు ముందు కొన్నది నేను. కొత్త కారును ఇంటి ముందు నిలబెడితే పాస్టరుగారు వచ్చి బానెట్ మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు, వీధి వీధంతా లడ్డూలు తిన్నది. ఆ సంబరం ఇంకా పాతబడకముందే అతనూ అదే కంపెనీ, అదే మోడల్, అదే తెల్లరంగు కారు తెచ్చి నా కారుకు ఎదురుగా పెట్టాడు. సరే, పెడితే పెట్టాడు. మొదట్లో రెండూ కవల పిల్లల్లా ఉండేవి. ఏడాది తిరిగేసరికి నాది మా ఎర్రమట్టి రంగుకు తిరిగింది, అతనిది తెల్లగానే ఉండిపోయింది. ఎక్కడ నడుపుతున్నాడయ్యా ఈ మనిషి, మబ్బుల మీదనా, అనుకునేవాణ్ణి.

మబ్బుల మీద కాదు. శనివారం సాయంత్రమైతే చాలు, లుంగీ ఎగ్గట్టి రెండు బకెట్లతో దిగేవాడు. ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, ఇంకోదాంట్లో మంచినీళ్ళు. ముందు పైకప్పు, తర్వాత అద్దాలు, చివరికి చక్రాలు. పైనుంచి కిందికి ఎందుకు కడగాలో ఒకసారి నాకు చెప్పబోయాడు. నేను ఫోన్ వచ్చినట్టు లోపలికి పోయాను. కాళ్ళ కింద వేసే మ్యాట్లను ప్రహరీ మీద వడియాలు ఎండబెట్టినట్టు పరిచేవాడు. ఆయిల్ గేజు పుల్ల తీసి, దూదితో తుడిచి, మళ్ళీ ముంచి తీసి, వెలుతురుకు పట్టి, ఎవరిదో రక్తం పరీక్ష చూస్తున్నట్టు మొహం పెట్టేవాడు. బ్యాటరీలో నీళ్ళు పోయడానికి సూది తీసేసిన సిరంజి. ఒక్క చుక్క బయట పడేది కాదు. డిక్కీలో ఎవరికీ కనపడని స్టెప్నీని కూడా తుడిచేవాడు. ఇవన్నీ నాకెట్లా తెలుసంటారా? మా కిటికీ కర్టెన్‌ను అడగండి. నా వెనక మా ఆవిడ వచ్చి నిలబడి, "చూడు, మా మరిది బండిని ఎట్ల జూసుకుంటడో" అనేది. అంతే, చేతిలో ఉన్న టీ చేదెక్కేది.

కారుతోనే ఆగి ఉంటే ఓర్చుకునేవాణ్ణి. మధ్యలో మా ఇద్దరికీ పిల్లనిచ్చిన మామయ్య ఉన్నాడు. మా వీధి చివరి ఇల్లు ఆయనది. అడవి దారుల్లో బస్సు నడిపి నడిపి రిటైరైన మనిషి. బండ్ల విషయంలో ఆయన మాటకు మా ఇంట్లో తిరుగులేదు. ఏ బండెక్కినా ముందు సీటే కావాలి. "డ్రైవర్‌ను దీస్కపోయి ఎనక సీట్ల కూసోబెడితే శవప్పెట్టెల బెట్టినట్టే" అనేవాడు. ముందు సీట్లో కూర్చుని, లేని బ్రేకును కుడికాలితో తొక్కుతూ, మలుపు మలుపుకీ మనతోపాటు తనూ లేని స్టీరింగు తిప్పేవాడు. మెచ్చుకోవడం ఆయన ఒంట్లో లేదు. బండి దిగి తలుపు మెల్లగా వేస్తే బాగుందని, దబ్బున వేస్తే బాగాలేదని మేమే అర్థం చేసుకోవాలి.

అత్తారింట్లో పెద్దల్లుణ్ణి నేను. కోడిని కోస్తే లెగ్ పీసు ముందు నా పళ్ళెంలోకే వచ్చేది. కానీ ఆదివారం పొద్దున మామయ్య తెల్లబట్టలు కట్టుకుని వీధిలో నడిచి వచ్చి, మా రెండు గేట్ల మధ్య నిలబడి, నా కారు వంక ఒకసారి, ఎదుటిదాని వంక ఒకసారి చూసి, గొంతు సవరించుకుని అటే పోయేవాడు. నేను అప్పటికే ముందు తలుపు తీసి పట్టుకుని ఉండేవాణ్ణి. ఏదో దుమ్ము దులపడానికి తీసినట్టు రెండుసార్లు దులిపి మూసేసేవాణ్ణి. చర్చి ముందు అందరూ చూస్తుండగా ఆయన ఆ తెల్లకారులోంచి దిగి తలుపు మెల్లగా వేసేవాడు. ఆ చిన్న చప్పుడు నా గుండెల్లో పడేది. పొరుగు కారు మెరుస్తుందని కాదు నా బాధ. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మామయ్య నా ముందు సీట్లో కూర్చుని, దిగి, తలుపు మెల్లగా వేయాలి. లెగ్ పీసులు ఎవరిక్కావాలి?

అందుకని నేనూ మొదలుపెట్టాను. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే అయింది. అతని డ్యాష్‌బోర్డు నిగనిగలాడుతుందని నా దానికి కొబ్బరినూనె రాశాను. సాయంత్రానికి వీధిలోని దుమ్మంతా దానికే అంటుకుంది, కారంతా తలకు నూనె పెట్టుకున్న వాసన. అతను నెలకోసారి ఏసీ ఫిల్టర్ తీసి దులపడం చూసి, నేను ఒక అడుగు ముందుకేసి సర్ఫు నీళ్ళల్లో నానబెట్టి, ఉతికి, పెరట్లో బట్టల తాడుకు క్లిప్పులు పెట్టి ఆరేశాను. ఆరేసిన సంగతి మరిచిపోయాను. మా ఆవిడ దాన్ని ఏదో అనుకుని తాడు మీదే ఉంచి, దాని పక్కన తువ్వాళ్ళు ఆరేసుకుంటూ వచ్చింది.

ఇక ఎలుకలు. మా ఇళ్ళ వెనకంతా పామాయిల్ తోట. ఆ గెలలు తిని బలిసిన ఎలుకలు చలికాలం బండ్ల ఇంజన్లలోకి చేరి వైర్లు కొరికేవి. మా తోడల్లుడిది గోదావరి ఒడ్డు ఊరు. అక్కడి పొగాకు కాడలు తెచ్చి గుడ్డలో మూటకట్టి బానెట్ కింద వేలాడదీశాడు. ఎలుక అటు తొంగి చూడలేదు. "అన్నా, నీక్కూడ ఒక మూట గట్టనా?" అని అడిగాడు పాపం. నాకు ఒళ్ళు మండింది. మాది ఏన్కూరు వైపు. మిరప పండించే వాళ్ళం. మా మిరపకాయ ఉండగా ఇంకొకడి పొగాకు నా బండిలో వేలాడడమా? ఎండుమిరపకాయలు గుప్పెడు తెచ్చి ఇంజన్ పక్కన పెట్టాను. తెల్లారి చూస్తే ఎలుకలు వాటిని మర్యాదగా ఒక మూలకు జరిపి, పక్కన కూర్చుని పామాయిల్ కాయలు తిని, తొక్కలు వదిలి వెళ్ళాయి. దాంతో పంతం పట్టి మిరపకాయల్ని గింజలతో సహా రోట్లో దంచి, ముందు అద్దం కింద వైపర్ల దగ్గర జాలీ ఉంటుంది చూడండి, అక్కడ మెత్తగా చల్లాను. ఎలుకలు అటునుంచే దూరుతున్నాయని నా లెక్క. ఏసీకి గాలి కూడా అటునుంచే దూరుతుందని నాకు అప్పటికి తెలియదు, దాన్ని వడగట్టాల్సిన ఫిల్టర్ ఇంకా బట్టల తాడు మీదే ఉందనీ గుర్తులేదు. నిజంగానే ఎలుకలు రావడం మానేశాయి. నేను ఎదురింటి వైపు చూసి మీసం దువ్వుకున్నాను.

ఆ రోజుల్లోనే మామయ్య వాళ్ళ అక్క మనవరాలి పెళ్ళి వచ్చింది, భద్రాచలంలో. ముందురోజు సాయంత్రం ఆయన మా గేటు దగ్గర ఆగాడు. నేను కడిగి తుడిచి పెట్టిన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. టైరును కాలితో తన్నాడు. బానెట్ మీద అరచెయ్యి వేసి కాసేపు ఉంచి, "రేపు నీ బండిల వస్త అల్లుడా" అన్నాడు. ఎదురింట్లో సిరంజితో నీళ్ళు పోస్తున్న చెయ్యి ఆగిపోవడం నా కళ్ళతో నేను చూశాను. ఆ పూట అన్నం ఎంత రుచిగా ఉందో చెప్పలేను.

పొద్దున్నే బయల్దేరాం. ముందు సీట్లో మామయ్య, వెనక అత్తయ్య, మా ఆవిడ. తోడల్లుడు దవాఖానాలో పని అప్పజెప్పి వెనక వస్తానన్నాడు, ఇంకా మంచిది. వీధి దాటేదాకా కారును కావాలనే మెల్లగా నడిపాను, అందరూ చూడాలిగా. చల్లటి గాలి, అద్దాలు దించుకుని ములకలపల్లి దాటాం, అడవి మొదలైంది. మామయ్య ఏ మలుపులో ఏ బస్సు ఎప్పుడు ఆగిపోయిందో చెబుతున్నాడు. అప్పుడు మా ముందు జామాయిల్ కర్రల లారీ ఒకటి పడింది. దుమ్మే దుమ్ము. అత్తయ్య పట్టుచీర కొంగు ముక్కుకు పెట్టుకుంది. మామయ్య అద్దం ఎక్కించి, "ఏసీ ఎయ్యరాదు?" అన్నాడు. నేనెంత దర్జాగా వేశాననుకున్నారు! ఉన్నదాంట్లో పెద్ద నంబరుకు తిప్పాను.

ఎర్రటి పొగలాంటిది ఒకటి మామయ్య మొహం మీదికి వచ్చింది. ఆ తర్వాత నాకు సరిగా ఏమీ కనపడలేదు. కారు ఎట్లా పక్కకు తీశానో దేవుడికే తెలుసు. నలుగురం నాలుగు తలుపుల్లోంచి రోడ్డు మీద పడ్డాం. దగ్గు, తుమ్ములు, ముక్కులు, కళ్ళు. మామయ్య ఒక మద్దిచెట్టు పట్టుకుని వంగిపోయాడు. ఒక అడవి పల్లె నుంచి బైకు మీద వస్తున్న ఆలుమగలు ఆగి, వాళ్ళ భాషలో ఏదో అనుకుని, సీసాతో నీళ్ళిచ్చారు. పట్టుబట్టలు కట్టుకుని నలుగురం భోరున కన్నీళ్ళు పెట్టుకుంటుంటే వాళ్ళకు జాలేసింది. "ఎవలు సచ్చిపోయిండ్రు సార్?" అని అడిగాడు బైకు మీద వచ్చినాయన. "పెండ్లికి వోతున్నం" అంది మా ఆవిడ ముక్కు చీదుతూ. "పెండ్లికి ఏడుస్తుండ్రేంది?" అన్నది ఆ భార్య.

సరిగ్గా ఆ క్షణానే వెనక నుంచి తెల్లగా, చప్పుడు లేకుండా మా తోడల్లుడి కారు వచ్చి ఆగింది. మామయ్య కళ్ళు తుడుచుకుని వెళ్ళి అతని ముందు సీట్లో కూర్చున్నాడు. ఆయన వెనక అత్తయ్య, ఆమె వెనక నన్ను కట్టుకున్న ఆవిడ. నా కారు తలుపు మామయ్య మెల్లగానూ వేయలేదు, దబ్బునా వేయలేదు. తెరిచే వదిలేసి పోయాడు. నేను నాలుగు తలుపులూ మూసుకుని, నాలుగు అద్దాలూ దించుకుని, ఒక్కణ్ణే తుమ్ముకుంటూ గోదావరి దాకా వెళ్ళాను.

ఇక ఆ తర్వాత ఏ పెళ్ళి, ఏ పుట్టినరోజు కూడిక వచ్చినా మామయ్య నోట అదే కథ. "మా పెద్దల్లుడు ఏసీ ఏసిండనుకున్నరా? మిర్చి తాలింపు బెట్టిండు! ఎలుకల కోసం బెట్టిండట, ముందు మేం బయటవడ్డం" అంటూ మొదలుపెట్టి, చెట్టు పట్టుకుని వంగింది కూడా లేచి చేసి చూపించేవాడు. అంతటి గంభీరమైన మనిషీ ఆ కథ చెప్పేటప్పుడు కళ్ళనీళ్ళు వచ్చేటట్టు నవ్వేవాడు. చివర్లో, "ఆఖరుకు ఏదో బండొస్తే ఎక్కి పోయినం" అని ముగించేవాడు. అందరూ నా భుజం తట్టేవారు. నేను పళ్ళు నూరుకుంటూ నవ్వేవాణ్ణి. మళ్ళీ ఎన్నడూ ఆయన నా కారెక్కలేదు. ఒంట్లో బాగాలేక ఖమ్మం తీసుకుపోయిందీ ఆ తెల్లకారే. నిజం చెబుతున్నాను, ఆ రోజు ఆయన ప్రాణానికి ఎంత భయపడ్డానో, ఆయన ఆ సీట్లో ఉన్నందుకు అంతే ఉడుక్కున్నాను. ఆయన పోయాక ఆదరణ కూడికలో కూడా ఎవరో ఆ మిర్చి కథ ఎత్తితే అందరూ ఏడుస్తూనే నవ్వారు. మా తోడల్లుడు మాత్రం లేచి బయటికి వెళ్ళిపోయాడు. అప్పుడు కూడా కారు తుడుచుకోవడానికే పోయాడనుకున్నాను.

ఈ పొద్దున మా ఆవిడ నవ్వు విని అతనే వీధి దాటి వచ్చాడు, చేతిలో గుడ్డతో. "ఏందన్నా?" అన్నాడు. గింజను అతని అరచేతిలో వేశాను. దాన్ని వేలితో అటూ ఇటూ దొర్లించి చాలాసేపు చూశాడు. అతని మొహంలో నవ్వు లేదు.

"నా బండి ఎన్నేండ్లు ఎక్కిండన్నా ఆయన? శనివారం శనివారం ఆయన కోసమే గద కడిగిన. ఒక్కనాడన్న ఒక్కలకన్న నా బండి గురించి జెప్పిండా? నీ బండి ఒక్కపూట ఎక్కిండు, పొయ్యేదాక అదే జెప్పిండు. అందుల నాది ఏదో బండి" అన్నాడు. మళ్ళీ గింజ వంక చూసి, "ఆ ఏదో బండి నాదే గదన్నా" అన్నాడు.

అబద్ధమెందుకు, నాకు కడుపు చల్లబడింది. ఇన్నేళ్ళ మంట మీద ఎవరో చెంబెడు నీళ్ళు పోసినట్టయింది. ఆ వెంటనే, కూడికలోంచి లేచిపోయిన అతని వీపు గుర్తొచ్చింది. ఏదైనా మంచి మాట చెప్పాలనుకున్నాను. "నీ బండి తలుపైతే మెల్లగ ఏసేటోడు" అన్నాను చివరికి. "ఏస్తే ఎవనికి ఇనపడ్డది?" అన్నాడు. నాకు వినపడేదని చెప్పలేకపోయాను.

ఎదురింట్లోంచి మా మరదలు చర్చికి టైమవుతోందని కేకేసింది. అతను గింజ ఉన్న గుప్పిట మూసి, "ఇది నా దగ్గరుంటదన్నా" అన్నాడు. ఇవ్వనన్నాను. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి తీసుకుని, మళ్ళీ నా కారు గూట్లోనే పెట్టి, పైన ఫిల్టర్ బిగించాను. కాలం మామయ్యను తీసుకుపోయింది, మా రెండు బండ్లనూ పాతవి చేసింది. ఆయన ఎవరి బండిలో కూర్చున్నాడన్న తగవును మాత్రం తేల్చకుండా మా ఇద్దరికీ వదిలేసి పోయింది.