కారు కింద బాబాయి

మీరు మా కారు కింద బాబాయిని ఒక్కసారైనా కలవాల్సిందే. సెలవు రోజు పొద్దున్నే వస్తే ముందు ఆయన కాళ్లు కనిపిస్తాయి. మోకాళ్ల దగ్గర వెలిసిపోయిన ప్యాంటు, మడమల దగ్గర అరిగిపోయిన రబ్బరు చెప్పులు, మిగతా మనిషంతా కారు కింద. పిలిస్తే "ఆ, చెప్పమ్మా, వింటున్నా" అని లోపల్నుంచి గొంతొస్తుంది. వినడం మాత్రం నిజమే, ఎప్పుడూ ఏదో ఒకటి వింటూనే ఉంటాడు. వినేది మనల్నా, కారునా అన్నదే అనుమానం.

నేను వాళ్ల మేడ మీది గదిలో అద్దెకుంటాను. నాకు చిన్నప్పట్నుంచీ కార్లంటే పిచ్చి, కాబట్టి ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజే ఆ ముదురాకుపచ్చ పొడుగాటి కారును చూసి అడ్వాన్సు ఇచ్చేశాను. గదిలో కిటికీ ఉందో లేదో కూడా చూడలేదు.

బాబాయి కళ్లజోళ్ల దుకాణంలో వెనక గదిలో అద్దాలు అరగదీస్తాడు. ముందు గదిలో వాళ్లు నవ్వుతూ ఫ్రేములు చూపిస్తారు, వెనక మిషను ముందు ఈయనొక్కడే. ఊళ్లో సగం మంది ఆయన చేసిన అద్దాల్లోంచే పేపరు చదువుతారు. ఆయన ముఖం మాత్రం వాళ్లెవరికీ తెలియదు. అలాంటి మనిషికి ఇంత పెద్ద కారు ఎందుకంటే, పిన్ని వెన్ను కోసం. పిన్ని నర్సులకు పాఠాలు చెప్పే టీచరు. వెన్నుపూస పక్కకు జరిగిందని డాక్టరు చెప్పాక బస్సు ఎక్కిన ప్రతిసారీ గుంత వస్తే కళ్లు మూసుకుని పళ్లు బిగించేదట. ఇద్దరి చేతులు మారి చవగ్గా వచ్చిన ఈ కారును బాబాయి కొని తెచ్చి, మొదటి రోజు ఆవిణ్ని ఎక్కించుకున్నాడు. వీధి చివరికి వెళ్లేసరికి ఆవిడ నిద్రపోయింది. లేపడం ఇష్టం లేక ఊరంతా తిప్పాడు. ఈ సంగతి నాకు చాలాసార్లు చెప్పాడు, చెప్పినప్పుడల్లా ఒకటో రెండో వీధులు కలుపుతాడు.

ఇలాంటి కార్లకు ముసలితనం కీళ్లలో మొదలవుతుంది. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనప చేతులుంటాయి, ఆర్ములంటారు. ఆ ఆర్ము బండికి కలిసే చోట లోపల రబ్బరు బుష్షు ఉంటుంది. ఆ రబ్బరు చీకిపోతే చిన్న గతుకుకి కూడా "టక్" మంటుంది. వర్క్‌షాపు వాళ్లు చూసి "అమ్మేయండి సార్, మీ ఆరోగ్యానికీ మంచిది" అన్నారు. బాబాయి అమ్మలేదు. జాకీ కొన్నాడు, స్టాండ్లు కొన్నాడు, కంపెనీ వాళ్ల రిపేరు పుస్తకం ఎక్కడినుంచో సంపాదించాడు, తనే కిందికి దూరాడు. ఒక చప్పుడు పోతే ఇంకోటి బయటపడేది. పిన్నికి ఏం చెప్పాలన్నా పెరట్లోకి వచ్చి ఆయన కాళ్లతో చెప్పుకోవాల్సి వచ్చేది.

"ఇన్నేళ్లూ నేను కాపురం చేసింది ఆయన కాళ్లతోనే అమ్మాయ్" అంది పిన్ని నాతో ఒకసారి. "ముఖం మర్చిపోతానేమోనని పెళ్లి ఫోటో గోడకి పెట్టుకున్నా."

నవ్వుతూనే అంది. కానీ వద్దనడానికి వీలున్న బదిలీని వద్దనకుండా వేరే ఊరు వెళ్లిపోయింది. మొదట్లో వారం వారం వచ్చేది, తర్వాత నెలకోసారి, తర్వాత ఫోన్లే. ఆ ఫోన్లు కూడా సరిగ్గా కలిసేవి కావు. మోగేసరికి బాబాయి చేతుల నిండా గ్రీజు ఉంటుంది. ఫోను మీద నల్లటి వేలిముద్రలు పడితే పిన్నికి చిరాకని కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో ఒకసారి కడుక్కుని వచ్చేలోపు అది ఆగిపోతుంది. తిరిగి చేస్తే ఆవిడ క్లాసులో ఉంటుంది.

ఆ ఇంట్లో వంటింటి బల్ల మీద పాత బుష్షులు కడిగి ఆరబెట్టి ఉంటాయి. పిన్ని కుర్చీకి గతుకుల కుదుపు ఆపే షాకబ్జర్ ఒకటి ఆనించి ఉంటుంది. రెండో కుర్చీ మీద ఎప్పుడూ విప్పి పెట్టిన ఆ రిపేరు పుస్తకం ఉంటుంది. బాబాయి సింకు దగ్గర నిలబడే తింటాడు.

"కూర్చుని తినొచ్చుగా బాబాయ్" అన్నాను ఒకసారి.

"నిలబడి తింటే గిన్నె అక్కడికక్కడే కడిగేయొచ్చమ్మా. మళ్లీ ఇంకోళ్లకి పని ఎందుకు."



ఈ మధ్య ఒక సాయంత్రం దుకాణం నుంచి వచ్చి, మెట్ల కింద నిలబడి నన్ను పిలిచాడు. "మీ పిన్ని వస్తోందమ్మా, ఆదివారం. స్టేషన్‌కి రమ్మంది. ఏదో మాట్లాడాలంది, దార్లో చెప్తానంది."

"ఇంటికొచ్చాక చెప్పొచ్చుగా?"

"అదే కదా. ఇంటికొస్తుందో రాదో కూడా చెప్పలేదు." కాసేపు కారు వంక చూశాడు. "ముందు చక్రాల దగ్గర ఆర్ములు రెండూ కొత్తవి తెచ్చి పెట్టా. ఈ వారంలో ఎక్కించేస్తా. మొదటి రోజు ఎలా పోయిందో బండి అలా పోవాలి. ఒక్క చప్పుడు కూడా రాకూడదు. అప్పుడు ఇంటికే వస్తుంది."

చప్పుడు లేని కారులో తెస్తే ఆవిడ ఇంటికొస్తుంది. ఆయన లెక్క అంతే.

ఇక్కడ ఆ పనిలో ఉన్న కిటుకు ఒకటి చెప్పాలి. బుష్షు బోల్టును చక్రం గాల్లో వేలాడుతుండగా గట్టిగా బిగించకూడదు. అలా బిగిస్తే రబ్బరు ఆ వేలాడే భంగిమలోనే పట్టేసుకుంటుంది, బండి కిందికి దిగాక ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, తొందరగా చిరిగిపోతుంది. అందుకని బండిని చక్రాల మీద నిలబెట్టి, సీట్లలో మనుషుల బరువు పెట్టి, అప్పుడు బిగించాలి. ఒక్కడే ఉండే ఇంట్లో ఆ మనుషులెక్కడ దొరుకుతారు?

బాబాయి చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టి, డ్రైవరు సీట్లో ఇసుక బస్తాను కూర్చోబెట్టి బెల్టు పెట్టాడు. "ఇది నేను" అన్నాడు. తర్వాత పక్క సీటు నాకు చూపించాడు. నేను కూర్చున్నాక తలూపి, నీళ్ల డబ్బా ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"ఇదెందుకు బాబాయ్?"

"పుస్తకంలో రాసిన బరువు ఎవరో కంపెనీ వాడిది. ఈ సీట్లో కూర్చునేది మీ పిన్ని. నువ్వొక్కదానివే ఆవిడంత తూగవు."

"అంటే పిన్ని నాకంటే డబ్బాడు లావా?"

"ఆ మాట ఆవిడ ముందు అనకు. ఇద్దర్నీ కలిపి గెంటేస్తుంది." ఆయన కిందికి దూరాడు. పానా కరకరలాడడం మొదలైంది. ఇసుక బస్తా, నేను, ఒళ్లో డబ్బా. దారిన పోయేవాళ్లు తొంగి చూసి వెళ్తున్నారు. కింద నుంచి బాబాయి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వినిపించింది. నాతో అనుకుని "ఆఁ?" అన్నాను. నాతో కాదు.

కుడివైపు అలా అయిపోయింది. శనివారం ఎడమవైపు పెట్టుకున్నాడు. నాకు ఆఫీసు పని ఉండి పైనే ఉన్నాను. అప్పుడేం జరిగిందో ఆయన తర్వాత చెప్తేనే తెలిసింది. చక్రం ఊడదీసి, కొత్త ఆర్మును దాని చోట పెట్టి, అది జారకుండా బోల్టు బిగించాడట. ఊరికే పట్టు కోసం, మళ్లీ వదులు చేద్దామనే. అంతలో ఫోను మోగింది. పిన్ని. ఈసారి చేతులు కడుక్కోలేదు, గ్రీజు చేత్తోనే ఎత్తాడు. ట్రైను ఎప్పుడొస్తుందో చెప్పింది. "తిన్నావా?" అని కూడా అడిగింది. ఆ మాట అడిగి ఎన్నాళ్లయిందో. ఫోను పెట్టేసి వచ్చి, ఈల వేసుకుంటూ చక్రం ఎక్కించాడు, బండి దించాడు, సామాను సర్దేశాడు. బోల్టు మాట గుర్తే లేదు.

ఆ సాయంత్రం వీధి చివరిదాకా వెళ్లి వచ్చాం. కొత్త రబ్బరు, నోరెత్తలేదు. కారు నీళ్ల మీద పోయినట్టు పోయింది.

ఆదివారం పొద్దున బాబాయి గోళ్ల సందులు బ్రష్షుతో తోముకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మెట్ల కింద నిలబడ్డాడు. "నువ్వూ రామ్మా."

"నేనెందుకు బాబాయ్ మధ్యలో?"

"వెనక ఏమన్నా చప్పుడొస్తే వింటావని." చొక్కా కాలరు సర్దుకున్నాడు. "ఇద్దరమే అయితే మొదటి మాట ఎవరు మాట్లాడాలో తెలీదమ్మా."

స్టేషన్‌లో పిన్ని ట్రైను దిగి వచ్చింది. చేతిలో సంచి చిన్నది. బాబాయి ముందు సంచి వంకే చూశాడు, తర్వాత ఆవిడ వంక. ఆవిడ చిక్కిపోయింది.

"ఏం అమ్మాయ్, నీతో కూడా ఆయన కాళ్లే మాట్లాడుతున్నాయా?" అంది పిన్ని నాతో.

"లేదు పిన్నీ, నన్ను ఇసుక బస్తా కింద లెక్కేశాడు."

ఆవిడ పకపకా నవ్వింది. బాబాయి కాస్త ఆలస్యంగా నవ్వాడు.

కారు కదిలింది. గతుకులన్నీ ఎక్కడికో పోయినట్టున్నాయి. పిన్ని తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది. బాబాయి వేగం తగ్గించాడు. ఇంటివైపు తిరగాల్సిన మలుపు దగ్గర తిరగలేదు, నేరుగా పోనిచ్చాడు. తర్వాతి మలుపు దగ్గరా తిరగలేదు.

"నిద్రపోవట్లేదులే" అంది పిన్ని కళ్లు తెరవకుండానే. "ఊరంతా తిప్పక్కర్లేదు."

బాబాయి చెవులు ఎర్రబడ్డాయి.

"ఒక మాట అడుగుతా, మధ్యలో ఆపకు" అంది ఆవిడ. "నాకిచ్చిన క్వార్టర్స్‌లో రెండు గదులున్నాయి. నాకు ఒకటే ఎక్కువ. పక్క వీధిలో కళ్లజోళ్ల షాపు ఉంది, వెళ్లి అడిగాను. అద్దాలు చేసేవాళ్లు కావాలన్నారు. కారు పెట్టుకోడానికి మాత్రం చోటు లేదు. నాకింక ఒక్కదాన్నే ఉండాలని లేదు. నువ్వు..."

అప్పుడే కారు ఒక స్పీడుబ్రేకరు ఎక్కి దిగింది. కిర్రుమంది.

చిన్న చప్పుడే. కానీ బాబాయి తల ఎడమవైపుకి ఒరిగింది. స్టీరింగు మీద వేళ్లు విప్పి మళ్లీ పట్టుకున్నాడు. ఏ బోల్టో, ఎందుకో, ఎప్పుడు మర్చిపోయాడో అన్నీ ఆ క్షణంలోనే తెలిసిపోయాయని తర్వాత చెప్పాడు. అలాగే పోతే మెలిపడ్డ రబ్బరు చిరిగిపోతుంది. ఆపి, కిందికి దూరి, వదులు చేసి బిగిస్తే సరిపోతుంది. పానా డిక్కీలోనే ఉంది.

పిన్ని కళ్లు తెరిచింది. "వినపడిందా?"

"ఏంటి?"

"చప్పుడు."

"లేదే" అన్నాడు బాబాయి. "ఏం చప్పుడు? నువ్వు చెప్పు, వింటున్నా."

ఇంకో గతుకు. మళ్లీ కిర్రుమంది, ఈసారి ఇంకాస్త గట్టిగా. బాబాయి రోడ్డు వంకే చూస్తున్నాడు.

పిన్ని మెల్లగా అంది. "నాకు వినపడింది. ముందు చక్రం, ఎడమవైపు. నీతో ఇన్నేళ్లు ఉన్నాక ఆ మాత్రం తెలీదా?"

"అది కాదు. నువ్వేదో చెప్తున్నావని..."

"వినపడిందని అని ఉంటే, ఆపి చూసుకో అనేదాన్ని. దిగి లైటు కూడా పట్టుకునేదాన్ని."

"నీ కోసమే అలా అన్నా."

"తెలుసు" అంది. "కారు పిచ్చి ఉందని తెలుసు. దాంతో ఎలాగో సర్దుకున్నా. నాతో ఎప్పుడూ అబద్ధం మాత్రం ఆడలేదని అందరికీ చెప్పుకునేదాన్ని. మా చెల్లెలింటి దగ్గర దింపు. సాయంత్రం ట్రైనుకి వెళ్లిపోతా."

చెల్లెలి వీధి వచ్చేదాకా కారు ఒక్కటే గతుకు గతుక్కీ మాట్లాడింది. పిన్ని దిగి, నా భుజం తట్టి, గేటు తీసుకుని లోపలికి వెళ్లింది. బాబాయి ఇంజను ఆపేసి ఆ గేటు ముందే కూర్చున్నాడు.

"వస్తాననే అందామనుకున్నానమ్మా" అన్నాడు. "నోటిదాకా వచ్చింది. అంతలో అది కిర్రుమంది."

"ఇప్పుడెళ్లి చెప్పు బాబాయ్. గేటు ఇక్కడే ఉందిగా."

"ఇప్పుడు చెప్తే నమ్ముతుందా? ఇదీ తన కోసం ఆడిన అబద్ధమే అనుకుంటుంది."

తిరిగి వచ్చేటప్పుడు కూడా ఆయన కారు ఆపి చూడలేదు. అప్పట్నుంచీ ఆ బోల్టు అలాగే ఉంది. ఆదివారాలు కారు కిందికి దూరడం మానేశాడు. గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. పిన్ని నంబరు తీస్తాడు, చూస్తాడు, మళ్లీ ఆర్పేస్తాడు. పై నుంచి నేను చూస్తూనే ఉంటాను.

ఆపి చూస్తే, ఆవిడ అడుగుతుంటే మళ్లీ కారే ముందు అన్నట్టు. ఆపకపోతే ఇలా. ఆ స్టీరింగు మీ చేతుల్లో ఉండి, మీ పక్కన మీ మనిషి ఆ మాట అడుగుతుండగా ఆ చప్పుడు వస్తే, మీరైతే ఏం చేసేవారు?