పిడికెడు ఉప్పు, మిద్దెనిండా పచ్చన

ఆ కాలంలో మిద్దె మీద గడ్డి మొలిచిందంటే ఆ ఇంటి కోడలికి ఒళ్లు వంగదని ఊరంతా అనుకునేది. ఇప్పుడు కర్నూలులో మా మనవరాలు తన కాంక్రీటు ఇంటి మీద గడ్డి మొలిపించడానికి ఏకంగా ఒక ఇంజనీరమ్మనే పిలిపించింది. నేను చదివింది మూడో తరగతి. అదీ శనక్కాయలు పీకే కాలంలో సగం రోజులు చేన్లోనే గడిచింది. అయినా ఈ ఒక్క విద్యలో నేను ఆ ఇంజనీరమ్మ కంటే ముందే పరీక్ష రాసినదాన్ని. ఎట్లా రాశానో చెప్తాను, నవ్వుకోండి.

నందికొట్కూరు దగ్గర పల్లెలో మా అత్తగారిది మట్టిమిద్దె. దూలాల మీద కట్టెలు పరిచి, మట్టి కప్పి, ఆ పైన ఏటా వానలకు ముందు చౌడు పొయ్యాలి. చౌడంటే పరక కూడా మొలవని ఉప్పుమట్టి. తడిస్తే జిగటగా పట్టుకొని నీళ్లను కిందికి దిగనివ్వదు. అది దొరికేది వంక అవతల, ఊరికి మైలు దూరాన. నేను కాపురానికి వచ్చిన మొదటి ఎండాకాలం, ముప్పై గంపల చౌడు తెచ్చి పొయ్యమని అత్త పురమాయించింది. మోకాళ్ల నొప్పులతో ఆమె మిద్దె ఎక్కడం మానేసింది కానీ, పెత్తనం మానలేదు. "మే, ఒక్క చుక్క నా జొన్నల గాదె మీద పడిందనుకో, నిన్ను మీ అమ్మగారింటికి తోల్తా. ఏడాది పొడుగునా తినే గింజలవి!" అంది. ఉత్తుత్తి మాటలు ఆడే మనిషి కాదు. ఆ మాట విని మా ఆయన చెంబు పట్టుకొని బావి దగ్గరికి వెళ్లిపోయాడు (ఆయన ధైర్యం అంతవరకే).

మొదటి గంప న్యాయంగానే తెచ్చాను. అరికాళ్లు కాలిపోయాయి. రెండో గంపకు బయలుదేరుతుంటే ఇంటి వెనక కూలిపోయిన పాత పశువుల కొట్టం కనబడింది. అక్కడి మట్టి ఎండి, తెల్లబారి, చూడటానికి అచ్చం చౌడులాగే ఉంది. నేను చిన్నప్పటి నుంచి దేన్నీ దండగ చెయ్యను, అడుగులతో సహా. మిగిలిన ఇరవై తొమ్మిది గంపలూ అక్కడి నుంచే ఎత్తాను. చిక్కల్లా అత్త నాలుకతోనే. మొదటి గంపలోంచి ఒక చిటికెడు, చివరి గంపలోంచి ఒక చిటికెడు నోట్లో వేసుకొని చూడటం ఆమె పద్ధతి. ఉప్పగా ఉంటేనే చౌడు. అందుకని చివరి గంప పైన వంటింట్లోంచి తెచ్చిన పిడికెడు ఉప్పు నలిపి కలిపాను. అత్త చప్పరించి, "ఇది ఇంకా మంచి చౌడే!" అని మెచ్చుకుంది కూడా.

మృగశిరలో ఒక వాన పడి ఊరుకుంది. వారం తర్వాత వడియాలు ఎండబెడదామని మిద్దె ఎక్కాను. ఎక్కినదాన్ని ఎక్కినట్టే నిలబడిపోయాను. మిద్దెనిండా పచ్చన! గరిక, తోటకూర, అలసంద, ఒక మూల గుమ్మడి మొలక. ఏ కాలంలో పశువులు మేసిన గింజలో, అన్నీ ఆ మట్టిలో దాక్కొని ఉన్నట్టున్నాయి. బోడిగా మిగిలినవి రెండే చోట్లు. ఒకటి అసలు చౌడు, రెండోది నా ఉప్పు. అత్త చూస్తే ఇంకేమన్నా ఉందా! అంతా పీకేద్దామని వంగి ఒక్క తోటకూర మొక్క పెరికాను. అప్పుడు తెలిసింది, నా అరికాళ్లు కాలడం లేదని. నడిమధ్యాహ్నం, పక్క మిద్దె మీద అడుగు పెడితే బొబ్బలెక్కే ఎండ. ఇక్కడ మాత్రం తడిగుడ్డ మీద నిలుచున్నట్టుంది. ఊళ్లో ఉండే పసుపుపచ్చ సీతాకోకచిలుకలన్నీ పెళ్లికొచ్చినట్టు అక్కడే ఉన్నాయి. మట్టిలోంచి చల్లటి వాసన. నేను వేసింది దొంగమట్టి, అది నాకు ఇచ్చింది ఇదంతా. పెరికిన మొక్కను మళ్లీ అక్కడే నాటి, దానికి దండం పెట్టి దిగాను.

తర్వాత వాన మొహం చాటేసింది. ఊరంతా ఉడికిపోతుంటే మా ఇల్లు మాత్రం కొత్త కుండలాగా చల్లగా ఉండేది. అత్త ఆ గొప్పంతా దేవుడికి కట్టబెట్టింది. "మహానంది నీళ్లు తెచ్చి నాలుగు మూలలా చల్లితి కదా, ఆయప్ప చలవ!" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నేను మిద్దె మీద కూర కోసి పప్పులో వేసేదాన్ని. "యాడిదే ఈ కూర?" అని అడిగితే, పక్కింటి గాజుల బూబమ్మ ఇచ్చిందని చెప్పాను. మరునాడు అత్త ఆమెను పిలిచి, "కూర శానా బాగుండాది బూబమ్మా" అంది. బూబమ్మ నా మొహం చూసింది. "మా దొడ్లో దండిగా ఉండాది లేక్కా" అంది. (వాళ్లకు దొడ్డే లేదు.)

నెల గడిచాక గుట్టు బయటపెట్టింది గుమ్మడి తీగ. మిద్దెకు వెలుతురు కోసం వదిలే గవాచిలోంచి దిగి, జొన్నలు చెరుగుతున్న అత్త చెవి తాకింది. "పాము! పాము!" అని కేక. బూబమ్మ కట్టె పట్టుకొని ఉరికి వచ్చి, చూసి, "పాముకు పువ్వు పూసిందక్కా!" అంది. అత్త చాట దించి, మోకాళ్లు పట్టుకొని ఒక్కొక్క మెట్టే ఎక్కింది. వెనకాలే నేను. పైన ఆమె చెప్పులు విడిచి, కాలు ముందుకు పెట్టి, వెనక్కి తీసి, మళ్లీ పెట్టింది. "మహానందయ్య చలవ కాదన్నమాట" అని గొణిగింది. తర్వాత నా వైపు తిరిగి, "చలవ సంగతి సరే. వాన రానీ. గాదె తడిసిందో, నువ్వు మూట కట్టుకోవాల్సిందే" అంది.

మూడో రోజు మధ్యాహ్నం వాన దంచికొట్టింది. అత్తా, మా ఆయనా, నేనూ ముగ్గురమూ పైకప్పు వైపు మొహాలెత్తి కూర్చున్నాం. నేను మనసులో మూట కూడా కట్టేసుకున్నాను. చౌడు పోసిన బూబమ్మ ఇల్లే నాలుగు చోట్ల కారుతోందని ఆమె కూతురు వచ్చి చెప్పింది. మా ఇంట్లో చుక్క లేదు. ఇక గట్టెక్కానని ఊపిరి వదిలానో లేదో, టప్పుమని ఒక్క చుక్క అత్త ముక్కు మీద పడి పెదవి మీదికి జారింది. అలవాటు చొప్పున నాలుక బయటికి వచ్చింది. కళ్లు చిన్నవయ్యాయి.

"ఇది చౌడు ఉప్పు కాదు. మనింటి ఉప్పు!"

ఇక దాచేదేముంది, అంతా చెప్పేశాను. నా ఉప్పు వల్ల ఆకు మొలవని ఆ ఒక్క చోటే వాన మట్టిని కోసి దారి చేసుకుంది.

"ఎంత పోసినావు?"

"పిడికెడు, అత్తా."

"పిడికెడా! బంగారంలాంటి మట్టి వేసినదానివి ఊరికే వెయ్యకూడదా? ఉప్పు దండగ చేస్తివి కదే!"

లేచి వెళ్లి గాదెలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసింది. పొడి. తర్వాత బయట, మిద్దె నీళ్లు దిగే దోణి కింద అరచెయ్యి పట్టింది. ఊళ్లో దోణులన్నీ బురదనీళ్లు కక్కి అప్పటికే ఊరుకున్నాయి. మాది సన్నగా, తేటగా పారుతూనే ఉంది. "వాన నిలిచి ఇంతసేపాయ, ఇంకా ఇస్తాండాది చూడే" అంది మెల్లగా. ఆమె గొంతులో ఆ మెత్తదనం నేను మళ్లీ వినలేదు. నన్ను పుట్టింటికి పంపలేదు, గుమ్మడికాయలు మాత్రం పంపింది. వేర్లు దూలాల దాకా పోతాయని మరుసటి ఏడు మళ్లీ చౌడే పోయించింది, ఈసారి గంపగంపా రుచి చూసి.

మొన్న ఇంజనీరమ్మ అరచేతిలో మట్టి పట్టుకొని నాకు పాఠం చెప్పింది. వేరు దిగకుండా కింద దళసరి పొర వేస్తారట, పైన తేలిక మట్టి. ఇల్లు చల్లబడుతుందట, కరెంటు కలిసివస్తుందట, వాననీళ్లు ఒక్కసారిగా వీధుల మీద పడకుండా మెల్లగా దిగుతాయట, తేనెటీగలొస్తాయట. నేను తల ఊపుతూ, మా అత్తలాగే ఆమె చేతిలోంచి చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకున్నాను. ఆ పిల్ల బిత్తరపోయింది. మనవరాలు, "అవ్వా, ఏం చేస్తాండావు?" అని అరిచింది.

మా అత్త ఉండి ఉంటే చివరి గంప కూడా అడిగి ఉండేది. నేను చప్పరించి, కొంగుతో నోరు తుడుచుకొని చెప్పాను:

"ఉప్పు లేదమ్మా. మొలుస్తాది, పొయ్యండి."