మొదట ఏ ఊరెళ్ళాడు?

మా ఊరి పెద్ద కన్నుమూసిన రోజున జరిగినవి, జరిగిన వరుసలో:

1. తెల్లవారకముందే, నిద్రలోనే, ఆయన శ్వాస ఆగింది.
2. ఆయన పెద్దకొడుకు నా తలుపు తట్టి, "నాన్న లేడు బావా" అన్నాడు.
3. చింతపల్లి జీపులో పేపరు వచ్చింది. అలవాటుగా అందుకుని ఆయన గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ ఆగిపోయాను.

ఆయన నాకు మావ వరస. నేను బడిలో అయిదో తరగతి దాటలేదు. మిగిలిన చదువంతా ఆయనకు రోజూ పేపరు చదివి వినిపిస్తూ నేర్చుకున్నదే. దేశాలన్నీ ఆయనకు ఊళ్ళే. ఎక్కడ పాలకుడు మారినా ఆయన ప్రశ్న ఒక్కటే: "మొదట ఏ ఊరెల్లినాడు?" కరచాలనం ఫొటో చూపిస్తే, నవ్వుతున్నారు సరే, కలిసి తిన్నారా అని ఆరా తీసేవారు. ఆ సంగతి పేపరువాళ్ళు రాయలేదంటే, అసలు కబురు వదిలేశారని వాళ్ళ మీద విసుక్కునేవారు.

ఒకసారి ఒక దేశపు కొత్త అధ్యక్షుడు, చిరకాల మిత్రదేశాన్ని పక్కనపెట్టి, నిన్నటిదాకా పొసగని పొరుగుదేశానికి తొలి పర్యటన చేశాడు. ఒప్పందాలు దేశాల మధ్యవే తప్ప మనుషుల మధ్యవి కావనీ, మనిషి మారినా సరిహద్దులూ సరుకుల అవసరాలూ మారవనీ నేను వివరించాను. మావ చుట్ట ఆర్పి అన్నారు:

"అవసరం మారదు అల్లుడా. ఎవుల్ని నమ్మాలో అది మారతాది. పాతోడి నేస్తం పాతోడితోనే పోతాది. కొత్తోడు మల్లీ కలుపుకోవాల."

ఆ మాట వెనుక, రెండు ఊళ్ళ మధ్య పారే వాగు, మా గెడ్డ ఉంది. కాఫీ పళ్ళు కడిగే రోజుల్లో గెడ్డ నీరు ఉదయం మాది, మధ్యాహ్నం అవతలి ఊరిది. కాగితం ఏదీ లేదు. ఏ ఊరికి కొత్త పెద్ద వచ్చినా, తలపాగా కట్టించుకునే ముందు ఎదుటి ఊళ్ళో భోజనం చేసి రావాలి. అంతే.

నిరుడు అవతలి ఊరికి పెద్ద అయిన కుర్రాడు రాలేదు. నీరు కట్టేద్దామని మావాళ్ళు లేచారు. అందరికంటే గట్టిగా అన్నది మావ పెద్దకొడుకే. మావ మాత్రం నా భుజం పట్టుకుని గెడ్డ దాటారు. ఆ కుర్రాడి అరుగు మీద కూర్చుని, "ఆకలేత్తంది బాబూ, ఏటుంటే అది ఎట్టు" అన్నారు. అతను తెల్లబోయి అంబలి తెచ్చాడు. నీటి ఊసే రాలేదు. ఆ ఏడు రెండు ఊళ్ళ పళ్ళూ సజావుగా కడిగారు.

వచ్చేటప్పుడు, మనం తగ్గినట్టు కాదా అని అడిగాను.

"ఆడికి ఎవులూ సెప్పలేదు. సెప్పకుండా అలిగితే ఎలగ? పెద్ద దేశాలోల్లు ఇలాటప్పుడు ఏటి సేత్తారో రేపు పేపర్లో సూసి సెప్పు" అని నవ్వారు.

ఈ రోజు ఆయన పెద్దదినం. మళ్ళీ కాఫీ పళ్ళు ఎర్రబడ్డాయి. నీరు కట్టేద్దామన్న ఆ పెద్దకొడుకుకే తలపాగా. పెద్దలు గుడ్డ విప్పి నిలబడ్డారు. అతను చాలాసేపు తండ్రి మంచం వైపు చూశాడు. తర్వాత, కాసేపు ఆగమని వాళ్ళకు చెప్పి, పంచె ఎగగట్టి ఒక్కడే గెడ్డలోకి దిగాడు.

గుడ్డ ఇంకా ఎవరి చేతుల్లోనో ఉంది. మేమంతా గట్టున నిలబడి అవతలికి చూస్తున్నాం. వంట వేళ ఎప్పుడో దాటిపోయింది. అయినా ఆ కుర్రాడి ఇంటి కప్పు మీద ఇప్పుడే పొగ లేస్తోంది.

సాయంత్రం నాలుగున్నర.
వంతల సన్యాసిరావు