కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్

అమెరికాలోని పిస్కాటవేలో మా వంటగది బల్ల దగ్గర కూర్చుని, ఫోన్‌లోనే నేను గెలిచిన కేసు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మందుల కంపెనీలో మాత్రల పొడి కలిపే గదిలో ఆరేళ్లు పనిచేశాను. ఆఖరి ఏడాది, గాలిలో ఎగిరే పొడిని లాగేసే యంత్రం పాడైంది. ఎవరూ బాగుచేయించలేదు. దగ్గుతో ప్రాణం తోకకొచ్చింది. ఒక్కదాన్నే డాక్టరు దగ్గరికి వెళ్తే, ఇక ఆ గదిలో అడుగుపెట్టొద్దన్నాడు. వేరే పని ఇమ్మని అడిగాను, లేదన్నారు. మానేశాను.

రాజీనామాలో మాత్రం 'పర్సనల్ రీజన్స్' అని రాశాను. మనవాళ్ల రాజీనామాల్లో వ్యక్తిగత కారణాలు తప్ప ఇంకేముంటాయి? వెళ్లిపోతూ ఒకరిని తప్పుపట్టడమెందుకని, అవకాశమిచ్చినందుకు కృతజ్ఞతలు కూడా జోడించాను. నా మర్యాద తగలెయ్య! నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెడితే, సొంత కారణాలతో తనంతట తానే మానేసింది కాబట్టి అర్హురాలు కాదని ఉత్తరం వచ్చింది. భృతి సంగతి సరే, ఊరికే మానేశానన్న ఆ మాటకి ఒళ్లు మండిపోయింది.

"అమ్మా, పర్సనల్ అంటే నీ ఇంటి ప్రాబ్లమ్ అని! వర్క్ వల్ల మానేస్తే ఇస్తారు, కానీ నువ్వే ప్రూవ్ చేయాలి," అని మా అమ్మాయి నామీద కేకలేసి, అప్పీల్ ఫారం తనే ఫిల్ చేసింది.

విచారణ రోజు ఫోన్‌లో అప్పీల్ వినే ప్రభుత్వ అధికారి, కంపెనీ తరఫున హెచ్ఆర్ ఆవిడ, నేను. ఆవిడ నా రాజీనామా తీయగా చదివి, యంత్రం గురించి నేనెప్పుడూ ఫిర్యాదే చేయలేదంది. ఎంత మాట! మా సూపర్‌వైజర్‌కి మూడు మెయిల్స్ పెట్టాను. నా సొంత మెయిల్‌కి వచ్చిన కాపీలను అమ్మాయి ముందే అధికారికి పంపింది. ఆయన ఒకటి తీసి చదివాడు: "పౌడర్ మెషిన్ నాట్ వర్కింగ్. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్."

అది మర్యాదకి రాసిన మాటే కానీ ఫిర్యాదు కాదంది ఆవిడ. అధికారి ఆ మాట ఎప్పుడూ వినలేదట. అర్థమేమిటని నన్నే అడిగాడు.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "బాగుచేయించండి అని అర్థం సార్! మా దేశం ఆఫీసుల్లో అందరం ఇలాగే అడుగుతాం. మూడుసార్లు అడిగాను. నాకు ఊపిరాడలేదు!" నా ఇంగ్లీషు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. ఎదురుగా మా అమ్మాయి రెండు బొటనవేళ్లూ పైకెత్తి గంతులేస్తోంది. అధికారి డాక్టరు ఇచ్చిన కాగితం కూడా చదివి, ఇక చాలన్నాడు.

వారం తిరిగేసరికి తీర్పు వచ్చింది. యజమానికి మూడుసార్లు చెప్పినా బాగుచేయించలేదు, ఆరోగ్యం చెడి మానేయడం న్యాయమైన కారణమే, అర్హురాలు. నేనూ అమ్మాయీ ఒకరినొకరం పట్టుకుని హాల్లో గిరగిరా తిరిగాం. ఆ ముక్క మళ్లీ మళ్లీ చదివించుకున్నాను.

మావారు కాగితం తీసుకుని మొదటినుంచీ చదివారు. నేను మానేసినప్పుడు, ఇంకొన్నాళ్లు ఓపిక పట్టాల్సిందని అన్నది ఈయనే.

"ఊపిరాడక ఇంత అవస్థ పడ్డావా? నేను పొల్లెన్ ఎలర్జీ అనుకున్నానే," అన్నారు.

"నేనే అలా చెప్పాను మీకు," అన్నాను.