గొంగడి మీద చెయ్యి

ఒక్క మాట గొంతులో అడ్డం పెట్టుకునే ఇన్నేళ్లూ ప్రార్థనలు చేశాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. ఇదీ పిరికితనమే.

అందరూ నన్ను అయ్యగారంటారు. మొదట బడిపంతులుని, తర్వాత నల్లగొండలో వకీలుని, ఇప్పుడు చర్చిలో దేవుని సేవకుణ్ణి. నా సేవంతా రాజకీయ నాయకుల మధ్యనే. నామినేషన్ వేసేముందు ప్రార్థన చేయించుకుంటారు, ఓడితే ఏడుస్తారు, గెలిస్తే కనపడరు. ప్రాణం విసిగిపోతుంది. మొన్న ఒక ఎమ్మెల్యే, చేసిన తప్పేమిటో చెప్పకుండానే క్షమాపణ ఇప్పించమన్నాడు. నోరు తెరిచి ఒప్పుకోమని కసిరాను. కసరడానికి నాకేం అర్హత ఉంది?

నకిరేకల్ దగ్గర ఒక ఊళ్లో పంతులుగా ఉన్నప్పుడు, రజాకార్ల తుపాకి దెబ్బ తిన్న దళం మనిషిని ఎండాకాలం సెలవుల్లో బడిలో దాచాను. తాళంచెవి నా దగ్గరే ఉండేది. ఆ పక్కనే మేకలు కాసే గొల్ల మల్లయ్యను రోజూ అతనికి పాలు పొయ్యమన్నాను. నా పేరు బయటపెట్టనని మల్లయ్య చేత గొల్లలు దేవుడితో సమానంగా చూసే గొంగడి మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకున్నాను. నాకు ఒట్ల మీద నమ్మకం లేదు. అతనికి ఉందని తెలుసు. ఎంత తెలివి చూడండి!

పోలీసు చర్య అయ్యాక సైన్యం, దళాలు నడిపిన సంఘంవాళ్ల కోసం ఊళ్లు గాలించింది. అప్పటికి నేను వకాలత్ పరీక్ష పాసై నల్లకోటు వేసుకున్నాను. బడికి పాలు మోస్తుండగా చూశామని ఎవరో చెబితే మల్లయ్యను పట్టుకున్నారు. తాళం పగలగొట్టి తనే దాచాడని కేసు. సెలవుల్లో నేను ఊళ్లో లేననే అందరూ అనుకున్నారు. మన సారే కదా అని అతని భార్య ఆ కేసు నాకే అప్పజెప్పింది.

కోర్టు వరండాలో మల్లయ్య మెల్లగా అన్నాడు:

"సారూ, నేనైతే గొంగడి మీద చెయ్యేసిన. నోరిప్ప. నువ్వు చెయ్యెయ్యలే గద, నువ్వు చెప్పు."

"చెప్తే ఇద్దర్నీ లోపలేస్తరు మల్లయ్యా."

"పాలు పోసినోనికి గంత శిక్షేస్తరా? తెమ్మన్నది నువ్వేనని జర చెప్పు సారూ."

"చూద్దాం," అన్నాను.

లోపల చట్టమంతా తిరగేసి వాదించాను, ఆ ఒక్క మాట తప్ప. అతను నావైపే చూస్తూ నిలబడ్డాడు. కోపంగా కాదు, ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అన్నట్టు. శిక్ష పడింది. జైల్లోనే పోయాడు. మా కోసం చాలా కష్టపడ్డావని అతని భార్య ఒక మేకపిల్లను తెచ్చి మా వాకిట్లో కట్టేసి వెళ్లింది. నేను దాన్ని ఉంచుకున్నాను.

తర్వాత మహబూబ్‌నగర్‌లో ఒక చర్చిలో కూర్చోవడం మొదలుపెట్టాను. దేవుడు పిలిచాడని ఇప్పటికీ సభల్లో చెబుతాను. నిజానికి, నేను పాపినని అక్కడ అందరితో కలిసి గట్టిగా అనొచ్చు, ఏ పాపమో చెప్పనక్కరలేదు. ఎంత హాయి! పిలుపు కూడా వచ్చిందేమో. ఆ రెండింటినీ విడదీయడం నాకు చేతకావడం లేదు.

మల్లయ్య భార్య ఇంకా బతికే ఉంది. మొగుడు బడి తాళం పగలగొట్టాడనే ఊరు ఇప్పటికీ ఆమెను అంటుంది. ఆమె గుమ్మం దాకా ఒకసారి వెళ్లి, ఆమె క్షేమం కోసం ప్రార్థన చేసి వచ్చేశాను. ఛీ, నా బతుకు!

తాళం తీసింది నేను. పాలు తెమ్మన్నది నేను. కోర్టులో చెప్పమని మల్లయ్య అడిగింది ఇంతే. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. గొంతు మాత్రం కొంచెం తెరిపినపడింది. ఇదే మాట మల్లయ్య భార్య ముందు అనాలి.