హుస్సేన్ బీ పడుకోబెట్టిన తెర

షాద్‌నగర్‌లో హుస్సేన్ బీ ఇల్లెక్కడ అని అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ. టీవీ బీ ఇల్లు అని అడిగితే మాత్రం కూరగాయల బండి ఆవిడ కూడా బేరం ఆపి మరీ దారి చూపిస్తుంది. ఇంట్లో టీవీ ఉన్నందుకు వచ్చిన పేరు కాదది. ఆ టీవీని ఆమె సాకిన తీరుకు వచ్చింది.

ఎనభైల్లో ఆ గల్లీకి మొదటి టీవీ వాళ్ళింటికే వచ్చింది. ఆమె భర్త పీర్ మహమ్మద్ లారీ డ్రైవరు. బెంగళూరు లోడు హైదరాబాదులో దింపి, అక్కడే టీవీ కొన్నాడు. దాన్ని క్యాబిన్‌లో క్లీనర్ సీట్లో కూర్చోబెట్టి, క్లీనర్‌ను వెనక ఖాళీ ట్రక్కులో నిలబెట్టి ఇల్లు చేర్చాడు. చెక్కపెట్టె, ముందు జరిపే తలుపులు, తలుపులకు బుల్లి తాళం. అమ్మినాయన ఒక మాట చెప్పాడట: వెలుతురు ఎప్పుడూ నిండుగా పెట్టొద్దు, లోపలి ట్యూబు తొందరగా అరిగిపోతుందని. పీర్ మహమ్మద్ ఆ మాట ఇంటికి తెచ్చి భార్యకు అప్పగించి తాను మరిచిపోయాడు. ఆమె మరిచిపోలేదు.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో టీవీని బంద్ చేయడం అనేది లేదు. పడుకోబెట్టడమే. ముందు వెలుతురు బిళ్ళ తిప్పి బొమ్మను మెల్లగా చీకటి చేయాలి. తర్వాత చప్పుడు తగ్గించాలి. ఆ తర్వాతే స్విచ్చి. ప్లగ్గు పీకి, తలుపులు జరిపి, తాళం వేసి, రెండు చిలకలు కుట్టిన గుడ్డ కప్పాలి. మర్నాడు లేపేటప్పుడు అదే వరస వెనక నుంచి. ఆదివారం సినిమాకు గల్లీ అంతా వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చునేది. సినిమా అయ్యాక పక్కింటి గుర్వయ్య, "వార్తలు గూడ చూద్దాం బీబమ్మా" అంటే, "పొద్దుగాల్ల నుంచి మెలకువతోని ఉన్నది. దానిది పానం కాదా?" అని బిళ్ళ మీద చెయ్యి వేసేది.

పీర్ మహమ్మద్‌కు ఇదంతా కొంచెం అసూయ.

"గిన్నేండ్లాయె నన్ను చేసుకొని. ఒక్కనాడన్న నాకు దుప్పటి కప్పినవా?"

"నీకు వెలుతురు బిళ్ళ లేకపాయె, చప్పుడు బిళ్ళ లేకపాయె. నిన్నెట్ల పండవెట్టాలె?"

ఆ టీవీ అలా పదేళ్ళు దాటినా చెడిపోలేదు. గల్లీలో తర్వాత వచ్చిన రంగుల టీవీలు ఒక్కొక్కటే రిపేరుకు పోతుంటే, హుస్సేన్ బీ గడపలో కూర్చుని వాటిని చూసి, సరిగ్గా నిద్ర లేకపోతే అంతే మరి అనుకునేది.

తొంభై తొమ్మిది ఎండాకాలం నాటికి పీర్ మహమ్మద్ నడుము నొప్పితో లారీ దిగి ఇంట్లో కూర్చున్నాడు. హుస్సేన్ బీ బస్టాండు దగ్గర రఘుపతి కంప్యూటర్ సెంటరులో ఊడ్చి తుడిచి, చాయ్ తెచ్చే పనికి కుదిరింది. ఆ బజారు మొత్తంలో ఏసీ ఉన్నది ఆ ఒక్క గదిలోనే. అది కంప్యూటర్ల కోసమనీ, మనుషుల కోసం కాదనీ రఘుపతి మొదటి రోజే చెప్పాడు. ఊడవడానికి తప్ప ఆమె లోపలికి రాకూడదు. కాబట్టి ఆమె ఊడ్చేది. వరండా అంతా రెండు ఊపుల్లో ముగించి, లోపలి గదిలో ఒక్కో బండనూ పేరు పెట్టి పిలుస్తున్నట్టు ఊడ్చేది. తన నికాహ్ రోజు కూడా ఆమె అంత నిదానంగా తల దువ్వుకోలేదని పీర్ మహమ్మద్ అనేవాడు. బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే, ఆ గదిలో చల్లగాలి ఆమె మెడ మీద పడేది. ఆ కాసేపటి కోసమే ఆమె రోజంతా ఎదురుచూసేది.

ఆ రోజుల్లోనే రఘుపతి హైదరాబాదులో ఒక పాత ల్యాప్‌టాప్ కొన్నాడు. బస్సులో వస్తుంటే పక్కన కూర్చున్న ముసలామె దాన్ని అట్టపెట్టె అనుకుని పైన పల్లికాయ మూట పెట్టింది. సెంటరుకొచ్చి మూత తీస్తే తెర సాలెగూడులా పగిలి, ఏమీ కనపడటం లేదు. మిగతా మిషన్ గట్టిగానే ఉంది. అందుకని లోపలి అటక మీది పాత మానిటరు దింపి, తీగతో రెంటినీ కలిపాడు. బొమ్మ పెద్ద తెర మీద బాగా వచ్చింది. కొత్తూరు దగ్గరి మందుల ఫ్యాక్టరీ నుంచి భిక్షపతి సారు మర్నాడు వస్తున్నాడు. ల్యాప్‌టాప్ చూపించి ఆయన్ను మెప్పిస్తే ఫ్యాక్టరీ ఆఫీసు వాళ్ళంతా ఇక్కడే నేర్చుకుంటారు.

సాయంత్రం రఘుపతి బయట ఎవరితోనో మాట్లాడుతుండగా హుస్సేన్ బీ లోపలికి ఊడవను వచ్చింది. గదిలోని మిగతా తెరలకు నొక్కే బొత్తాలే. వాటితో ఆమెకు చుట్టరికం కుదరలేదు. ఈ అటక మీది దానికి మాత్రం గడ్డం కింద, వంగితే గానీ కనపడకుండా, రెండు చిన్న చక్రాలున్నాయి. ఒకదాని మీద సూర్యుడి బొమ్మ, ఒకదాని మీద సగం చంద్రుడు. అచ్చం తన టీవీ బిళ్ళల్లాగే. ఎవరూ చూడకపోయినా అది నిండు వెలుతురుతో మెలకువగా కూర్చుని ఉంది.

ఆమె మనసు ఆగలేదు. సూర్యుణ్ణి కిందికి తిప్పింది. చంద్రుణ్ణి తిప్పింది. తెర నల్లబడింది. ఉతికిన తువ్వాల తెచ్చి కప్పింది. రఘుపతి వచ్చి, దుమ్ముకు కప్పిందనుకున్న తువ్వాల అంచు ఎత్తి చూసి, తెర నల్లగా ఉంది కదా, తానే ఆపానేమో అనుకుని, స్విచ్చి కట్టేసి తాళం వేశాడు.

పొద్దున ఆమె చాయ్ పళ్ళెంతో వచ్చేసరికి లోపల రఘుపతి చెమటలు కక్కుతున్నాడు. ఏసీ గదిలో చెమట పట్టిన మనిషిని ఆమె అదే మొదటిసారి చూడటం. పక్క దుకాణం టీవీ మెకానిక్ ఐలేశం మానిటరు వెనక దూరి ఉన్నాడు. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"వచ్చిందా?" అని ఐలేశం అరిచాడు. చేతికందేంత దూరంలో ఉన్నా, మేడ మీద యాంటెన్నా తిప్పిన అలవాటు ఆయన గొంతును వదల్లేదు.

"రాలే!" అని రఘుపతీ అంతే గట్టిగా అరిచాడు.

"ఇప్పుడు?"

"రాలే!"

"రాలేదంట," అని బయట సోడాబండి దగ్గరున్నవాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్నారు. ఏం రాలేదో వాళ్ళకూ తెలియదు. బస్సు అయి ఉంటుందనుకున్నారు.

"మానిటరు దీపం వెలుగుతాంది గద, కరెంటు ఉన్నట్టే," అన్నాడు రఘుపతి. "తీగె పీకి మల్ల పెట్టు."

ఐలేశం తీగ పీకాడు, మొనలు పెట్రోలుతో తుడిచాడు, ఊదాడు, మళ్ళీ పెట్టాడు. మానిటరు నెత్తిన ఒక్కటిచ్చాడు. అదీ పని చేయలేదు.

"జర ముందరికొచ్చి చూడరాదే ఐలేశం?"

"ముందర చూసేది గిరాకి. ఎనుక చూసేది మెకానిక్," అన్నాడు ఐలేశం కదలకుండా. "ఇరవై ఏండ్ల సంది నేను టీవీ మొకం చూడలే."

ల్యాప్‌టాప్‌లో ఒక జత మీటలుంటాయి. ఆ రెండూ కలిపి నొక్కితే బొమ్మ లోపలి తెర నుంచి బయటి తెరకు పోతుంది. మళ్ళీ నొక్కితే తిరిగి వస్తుంది. రఘుపతి నొక్కాడు. ఐలేశం చెయ్యి చాపి తానూ నొక్కాడు. ఆ కంగారులో పక్క మీటలూ నలిగాయి.

"ఇప్పుడు బొమ్మ యాడున్నట్టు?" అన్నాడు రఘుపతి.

"నువ్వు నొక్కినప్పుడు ఇటొచ్చింది. నేను నొక్కితె అటు పోయింది. మల్ల నువ్వు నొక్కినవా?"

"నొక్కిన."

"ఎన్నిసార్లు?"

"లెక్క పెట్టలే."

"అయితె అది నడిమిట్ల తీగెలనే ఉండొచ్చు," అన్నాడు ఐలేశం గంభీరంగా, తీగను పామును పట్టుకున్నట్టు పట్టుకుని.

హుస్సేన్ బీ పళ్ళెంతో అలాగే నిలబడింది. చదువుకున్నవాళ్ళు, లేపడం తెలియకుండా ఉంటుందా అనుకుంది. తన టీవీ కూడా లేచి కూర్చోవడానికి కొంత సమయం తీసుకుంటుంది.

అప్పుడు రఘుపతి చూపు ఆమె మీద పడింది.

"నిన్న నువ్వే గద ఊడ్చింది? తడిబట్ట పెట్టినవా దీనికి?"

"టేబులు తుడిచిన సారూ. దాన్ని తుడవలే. పండవెట్టిన, గంతే."

"ఎవర్ని?"

"దాన్నే. మీరు లేపిండ్రా మరి?"

"చూడు ఐలేశం, భిక్షపతి సారు వచ్చే యాళ్ళయితాంది, ఈమె పరాచికాలాడుతాంది! నీళ్ళు లోపలికి పోయినయ్, గదే సంగతి. బీబమ్మా, రేపటి సంది నువ్వు లోపలికి రావొద్దు. వరండల్నే పని చేస్కో. చాయ్ గూడ గుమ్మం కాడ్నే పెట్టు."

వరండా అంటే రేకుల కప్పు. దాని కింద మధ్యాహ్నం పిల్లి కూడా నిలబడదు. హుస్సేన్ బీ కళ్ళ ముందు చల్లగాలి తలుపు మూసుకుపోయింది. నీళ్ళు పోశావని అన్నా పడేది. మరో గల్లీ ఊడవమన్నా ఊడ్చేది. కానీ ఆ గది లేకుండా మే నెల గడవదు.

పళ్ళెం ఐలేశం కాళ్ళ పక్కన పెట్టింది. కొంగు నడుముకు దోపింది.

"జర జరుగుండ్రి ఇద్దరు."

ఇంట్లో తన టీవీ ముందు కూర్చున్నట్టే గొంతుక్కూర్చుంది. తల వంచి, మానిటరు గడ్డం కింద చెయ్యి పెట్టింది. "బిస్మిల్లా" అని సగం చంద్రుణ్ణి తిప్పింది. తర్వాత సూర్యుణ్ణి, పసిపిల్లను లేపినంత మెల్లగా.

తెర తెల్లారింది.

"వచ్చిందా?" అన్నాడు వెనక నుంచి ఐలేశం.

రఘుపతి తెర మీదికి వంగాడు. చీకట్లో ఇద్దరూ నొక్కిన నొక్కుళ్ళన్నీ తెర మీద పరుచుకుని ఉన్నాయి. ఒకటే అక్షరం వరసలు వరసలుగా, గట్టు తెగిన చెరువులా. దాని మీద, ఉన్నదంతా చెరిపేయమంటారా అని అడుగుతూ ఒక చిన్న డబ్బా, దాని మీద ఇంకొకటి.

సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని భిక్షపతి సారు వచ్చాడు. కళ్ళజోడు సర్దుకుని తెర చూశాడు.

"గిదేం పాఠం?"

"వేళ్ళకు అలవాటు కోసం సార్," అన్నాడు రఘుపతి. "మొదట ఒక్క అక్షరం మీదనే సాధన."

"మరి ఈమెవరు? కింద కూసున్నది?"

రఘుపతి మరో అబద్ధం వెతుక్కునేలోపు హుస్సేన్ బీ లేచి నిలబడి చెప్పేసింది. "రాత్రి నేనే పండవెట్టిన సారూ. వీండ్లకు లేపుడు రాలే." వెలుతురు ముందు తగ్గించాలనీ, నిండుగా పెడితే ట్యూబు అరుగుతుందనీ, తన టీవీకి ఎన్నేళ్ళయినా దవాఖాన మొహం చూపించలేదనీ, చిలకల గుడ్డతో సహా వరసగా చెప్పింది. రఘుపతి కళ్ళు మూసుకున్నాడు.

భిక్షపతి సారు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మా, నువ్వు మా ఆఫీసుకు రావాల్నమ్మా. మావోళ్ళు రాత్రంత తెరలు వెలిగిచ్చే పెడ్తరు. మొన్నటి మందుల పేర్లు తెరకు అచ్చు పడి, ఇయ్యాల్టి వాటి ఎనుక కనవడ్తున్నయ్. రఘుపతీ, మావోళ్ళను పంపిస్త. కంప్యూటరు సంగతి తర్వాత. మొదాలు ఈమె తోని పండవెట్టుడు నేర్పియ్యి."

"తప్పకుండ సార్," అన్నాడు రఘుపతి నీరసంగా.

"నేర్పాల్నంటె నేను లోపలనే ఉండాలె గద సారూ?" అంది హుస్సేన్ బీ, రఘుపతి వైపు చూడకుండా, భిక్షపతి సారు వైపే తిరిగి.

"ఉండక? పాఠం వరండల చెప్తవా?"

ఐలేశం అప్పటికి వెనక నుంచి బయటికి వచ్చాడు. చాలా ఏళ్ళ తర్వాత ఒక తెర మొహం చూసి, "ముందర బిళ్ళలు పెడ్తె ఎవనికి తెలుస్తది?" అని చల్లారిన చాయ్ తాగి వెళ్ళిపోయాడు.

ఫ్యాక్టరీ వాళ్ళు వచ్చారు. కంప్యూటరు ఎంత నేర్చుకున్నారో గానీ, పడుకోబెట్టడం అందరూ నేర్చుకున్నారు. హుస్సేన్ బీకి గదిలో ఒక స్టూలు వేశారు. అది వేసిన చోటు ఆమే చూపించింది, ఏసీ కిందనే.

అందుకే ఆ ఏడు మే నెలలో, కుక్కలు కూడా నీడ వదలని మిట్టమధ్యాహ్నం, షాద్‌నగర్ బస్టాండు రోడ్డు మీద ఒకామె చంకలో ఉన్ని శాలువా పెట్టుకుని నడిచి పోతుంటే జనం ఆగి చూసేవారు.

"గీ ఎండల శాలువ ఎందుకు బీబమ్మా?" అని గుర్వయ్య అడిగాడు ఒకరోజు.

"ఏం జెయ్యాలె గుర్వయ్యా," అంది ఆమె ఆగకుండానే. "మా ఆఫీసుల సలికి ఆగలేకపోతున్న."